ముందు మా పని గంటలు జీతం స్లిప్పులో చూపించండి: రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రులకు, కార్మిక కమిషనర్లకు, ఫ్యాక్టరీల శాఖ డైరెక్టర్లకు నమస్కారం.

మేము ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళం. కొద్దిమంది పర్మనెంట్, మిగతా అందరం కాంట్రాక్టర్ కింద. ఓటీ (షిఫ్టు టైము దాటి అదనంగా చేసిన పని) డబ్బుల గురించి కాగితం మీద రాసి ఫిర్యాదు ఇచ్చాం, రసీదు తీసుకున్నాం, తర్వాత కనుక్కోవడానికి వెళ్తే ఫైలు నడుస్తోంది అన్నారు, ఇంకొన్నాళ్ళకి ఆ మాట అనడం కూడా మానేశారు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాం. ఏ కంపెనీ, ఏ ఆఫీసు అనేది రాయడం లేదు. పేరు రాస్తే ఇది ఆ ఒక్క గేటు గొడవ అయిపోతుంది, పక్క గేటులో, దాని పక్క గేటులో అడిగినా ఇదే కథ వినిపిస్తుంది. పేరు బయటపడితే మర్నాడు మా గేట్ పాస్ పనిచెయ్యదన్న భయం కూడా ఉంది, అందులో దాచేదేముంది.

చట్టం మీకు మేము చెప్పక్కర్లేదు. కానీ ఈ ఉత్తరం మా తోటివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాం. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకి 9 గంటలు గానీ వారానికి 48 గంటలు గానీ దాటితే, ఆ పైన చేసిన పనికి మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలి. 59వ సెక్షన్. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల బదులు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, వాటిలోనూ రెట్టింపు రేటు అలాగే ఉంది. రోజుకి 8 గంటలు అని ఉంది, కార్మికుడు ఒప్పుకుంటేనే ఓటీ చేయించాలని కూడా ఉంది. అంటే ఇన్నేళ్ళలో ఎన్ని ప్రభుత్వాలు మారినా రెట్టింపు అన్న మాటని చట్టంలోంచి ఎవరూ తియ్యలేదు. తీసే ప్రయత్నం ఒకటి జరిగింది. 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం కోవిడ్ పేరు చెప్పి రోజుకి 12 గంటలు, వారానికి 72 గంటలు పని చేయించుకోవచ్చని, ఓటీకి రెట్టింపు ఇవ్వక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆ కాలంలో చేసిన ఓటీకి చట్టం చెప్పిన రేటు కట్టించమంది.

ఇక మీరు చేసింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కేబినెట్ రోజు పనిని 10 గంటలకి పెంచాలని నిర్ణయించింది, మూడు నెలల ఓటీ పరిమితిని 75 గంటల నుంచి 144కి తీసుకెళ్ళింది, 5 గంటలు పనిచేశాక రావాల్సిన విరామాన్ని 6 గంటల తర్వాతకి జరిపింది. సెప్టెంబర్‌లో అసెంబ్లీలో బిల్లులు పాసయ్యాయి. తెలంగాణ 2025 జూలై 5న జీవో 282 ఇచ్చింది. షాపులు కాకుండా మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటలు, ఓటీ అక్కడా మూడు నెలలకి 144 గంటలు. ఆ జీవో ఫ్యాక్టరీలది కాదు, తెలుసు. కానీ జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి, ఆ సమయంలో లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలక కుటుంబాలు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న వారంలోనే పని గంటలు పెంచే జీవో మీద సంతకం పడిందంటే మాకెలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

పది గంటలు కొత్త సంస్కరణ అంటున్నారు. 1934లో బ్రిటిష్ వాళ్ళు చేసిన ఫ్యాక్టరీల చట్టంలో ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలకి రోజుకి 10 గంటలు, వారానికి 54 గంటలు అని ఉండేది. 1946లో దాన్ని 9కి, 48కి తగ్గించారు. మీరు తెచ్చిన కొత్తదనం మా తాతల కాలం నాటిది!

వారానికి 48 అలాగే ఉంచాం కదా అన్న జవాబు కూడా విన్నాం. నాలుగు రోజులు పదేసి గంటలు, ఐదో రోజు ఎనిమిది చేస్తే వారం పూర్తయి రెండు రోజులు ఇంట్లో ఉండొచ్చని కాగితం మీద లెక్క కుదురుతుంది. ఆ రెండో సెలవు ఇచ్చే గేటు మా చుట్టుపక్కల మాకైతే కనపడలేదు. 144 గంటల్ని 13 వారాలకి పంచి చూడండి, వారానికి 11 గంటలు పడుతుంది. 48కి 11 కలిపితే 59. మేము బతికేది ఈ 59తో.

అయినా మా అసలు గొడవ ఎనిమిదా పదా అన్నది కాదు. ఎన్ని గంటలైనా ముందు అవి లెక్కలోకి రావాలి కదా. చట్టంలో రెట్టింపు ఉంది, మా స్లిప్పులో మాత్రం చేసిన గంటే ఉండదు. దీనివల్ల మామూలు మనుషులకి ఏమవుతుందో వరసగా రాస్తున్నాం.

1. గంటలు ఎలా మాయమవుతాయో చెప్తాం. ఎ షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. సూపర్‌వైజర్ వచ్చి పంచ్ అవుట్ కొట్టి మళ్ళీ లోపలికి రమ్మంటాడు. హాజరు మిషన్ దృష్టిలో మేము ఇంటికి వెళ్ళిపోయాం, నిజంగా అయితే సాయంత్రం ఆరింటిదాకా బ్యాచ్ దగ్గరే నిలబడి ఉంటాం. ఆ నాలుగు గంటలు కాంట్రాక్టర్ మనిషి జేబు పుస్తకంలో ఉంటాయి, నెలాఖరున సింగిల్ రేటుతో చేతికి నోట్లు వస్తాయి. కొన్నిచోట్ల స్లిప్పులోనే వేస్తారు గానీ ప్రొడక్షన్ ఇన్సెంటివ్ అని వేస్తారు. ఇంకొన్నిచోట్ల డబ్బులు ఉండవు, కాంప్ ఆఫ్, అంటే బదులు సెలవు అంటారు, ఆ కాంప్ ఆఫ్ అడిగిన రోజున మనుషులు తక్కువున్నారు తర్వాత చూద్దాం అంటారు, నెల దాటాక అది చెల్లదంటారు. మీ ఇన్‌స్పెక్టర్ వచ్చి మస్టర్ (హాజరు పుస్తకం) తెరిస్తే అన్నీ ఎనిమిదేసి గంటలే, ఒక్క తప్పు ఉండదు. తనిఖీ ఉందని మాకు ముందురోజే తెలుస్తుంది, ఎందుకంటే ఆ రోజు అందరికీ కొత్త మాస్కులు, కొత్త గ్లోవ్స్ వస్తాయి.

2. డబ్బు లెక్క. ఒక మనిషి జీతం నెలకి 15,600 అనుకోండి. 26 రోజులు, ఎనిమిదేసి గంటలు, మొత్తం 208 గంటలు, గంటకి 75 రూపాయలు. మీరు ఒప్పుకున్న పరిమితిలోనే నెలకి 48 గంటల ఓటీ చేశాడనుకుంటే చట్టప్రకారం 7,200 రావాలి, సింగిల్ రేటుతో 3,600 వస్తుంది. ఏడాదికి 43,200 పోయినట్టు, అంటే దాదాపు మూడు నెలల జీతం. ఒక్క మనిషిది. షెడ్డులో ఉన్నవాళ్ళందరికీ వేసుకోండి. దీనిలో ఇంకో మెలిక ఉంది. ఓటీని ఒక్క బేసిక్ మీదే కట్టడం. పాత చట్టంలో మామూలు రేటు అంటే బేసిక్‌తో పాటు అలవెన్సులు కూడా, బోనస్ ఒక్కటీ తప్ప. కొత్త కోడ్‌లో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్సు) లాంటివి జీతం లెక్కలోకి రావు గానీ, అలా పక్కన పెట్టేవన్నీ కలిసి మొత్తంలో సగం దాటితే ఆ దాటినది తిరిగి జీతంలో కలపాలి. బేసిక్‌ని మూడో వంతుకి కుదించి, మిగతాదంతా రకరకాల అలవెన్సుల కింద చూపించే స్లిప్పులు మీ దగ్గరికి రావడం లేదా?

3. అన్నిటికంటే భయపెట్టేది ఇది. పంచ్ అవుట్ అయ్యాక దెబ్బ తగిలితే? మాలో ఒకాయనకి అలాగే జరిగింది, పంచ్ కొట్టేసి మళ్ళీ లోపలికి వెళ్ళాక డ్రమ్ము జారి చెయ్యి నలిగింది. కాగితం ప్రకారం ఆ టైముకి ఆయన ఫ్యాక్టరీలోనే లేడు. బయట ప్రైవేటు ఆస్పత్రిలో చూపించి, కొంత డబ్బు చేతిలో పెట్టి, బండి మీంచి పడ్డానని చెప్పమన్నారు. ఆయన చెప్పాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నప్పుడు ఎవరైనా అదే చెప్తారు. ప్రమాదం చిన్నదైతే ఇలా సర్దుకుంటుంది. పెద్దదైతే, ఆ షెడ్డే లేకుండా పోతే, మేము లోపల ఉన్నామని ఇంట్లోవాళ్ళు ఏం చూపించి నిరూపించాలి? ఈఎస్ఐ సంగతి కూడా చూడండి. పాత ఈఎస్ఐ చట్టంలో ఓటీ డబ్బుల మీద కూడా ఈఎస్ఐ కట్టాల్సి ఉండేది, కార్మికుడి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. రికార్డులో లేని గంటకి ఆ రెండూ ఉండేవి కాదు. జబ్బు చేసి మంచం పడితే ఈఎస్ఐ ఇచ్చే 70 శాతం ఆ తగ్గించి చూపించిన జీతం మీదే లెక్కేసేవాళ్ళు. అంటే ఒకసారి ఎగ్గొట్టిన ఓటీ, తర్వాత జబ్బుతో పడుకున్నప్పుడు ఇంకోసారి మన డబ్బుకి కోత పెట్టేది.

4. డబుల్ డ్యూటీ. రిలీవర్ (మన చోట తర్వాతి షిఫ్టుకి ఎక్కేవాడు) రాకపోతే మిషన్ వదిలి వెళ్ళడానికి లేదు, రియాక్టర్‌లో (రసాయనాలు కలిపి మందు తయారుచేసే పెద్ద పాత్రలో) బ్యాచ్ ఉంటే అసలే కుదరదు. బి షిఫ్ట్‌కి మధ్యాహ్నం రెండింటికి ఎక్కినవాడు రాత్రి పదికి దిగాలి, దిగడు, సి షిఫ్ట్ కూడా లాగి పొద్దున ఆరింటికి బయటికొస్తాడు. పదహారు గంటలు. కొత్త చట్టంలోనూ దీనికి చోటు లేదు, పాత చట్టంలోనూ లేదు, కానీ నెలలో ఎవరో ఒకరికి తప్పదు. సాల్వెంట్ రసాయనాల వాసనలో, ఏసీ లేని షెడ్డులో, పద్నాలుగో గంటలో వాల్వ్ తిప్పేవాడి చేతిలో అతనొక్కడి ప్రాణమే ఉండదు. కంపెనీ బస్సు షిఫ్ట్ టైముకే కదిలిపోతుంది కాబట్టి అడ్డదిడ్డంగా వదిలినవాళ్ళు బండి మీద, ఆటో మీద, నిద్రమత్తులో హైవే ఎక్కుతారు. ఆ ప్రమాదాలు మీ శాఖ లెక్కలోకి రావు, ట్రాఫిక్ పోలీసుల లెక్కలోకి వెళ్తాయి.

5. హోదా పేరుతో ఎగ్గొట్టడం. ఐటీఐ చదివి ఆపరేటర్‌గా చేరిన కుర్రాడికి రెండేళ్ళకి షిఫ్ట్ ఇన్‌చార్జ్ అని ఐడీ కార్డు ఇస్తారు. ఇంట్లో స్వీట్లు పంచుతారు పాపం. కొత్త కోడ్‌లో నెలకి 18,000 దాటిన సూపర్‌వైజర్ కార్మికుడి నిర్వచనంలోకి రాడు కాబట్టి ఓటీ అడగడానికి లేదంటారు. అతను చేసే పని మాత్రం నిన్నటిదే, అదే డ్రమ్ము, అదే మిషన్. చట్టం చూడమన్నది ప్రధానంగా ఏ పని చేస్తున్నాడని, కార్డు మీద ఏం అచ్చేశారని కాదు.

6. ఆఫీసుల్లో, కాల్ సెంటర్లలో పనిచేసే మా ఇళ్ళలోని పిల్లల సంగతి. తెలంగాణలో వాళ్ళకి ఇదివరకు రోజుకి 8 దాటితే ఓటీ. ఇప్పుడు రోజు పరిమితి 10 అయింది కాబట్టి, వారం 48 దాటితేనే ఓటీ అని హెచ్‌ఆర్ వాళ్ళు మెయిల్ పెడుతున్నారు. మధ్యలో పండగ సెలవు వచ్చి ఐదు రోజులే పనిచేసిన వారంలో, పదేసి గంటల చొప్పున 50 గంటలు చేస్తే ఇదివరకు 10 గంటల ఓటీ వచ్చేది, ఇప్పుడు 2. గంటకి 75 రూపాయల లెక్కన, రెట్టింపు రేటుతో ఒక్క వారంలో 1,200 తేడా. పండగకి బట్టలు కొనే డబ్బు అది.

7. ఆడవాళ్ళ నైట్ షిఫ్ట్. ఒప్పుకుంటేనే, భద్రత, రవాణా ఇస్తేనే అని రాశారు, బాగుంది. ఒప్పుకోకపోతే వచ్చే నెల నుంచి కాంట్రాక్టర్ పిలవకపోతే ఆ ఒప్పుకోవడానికి విలువేంటి?

ఓటీ వద్దని మేము అనడం లేదు, ఇది స్పష్టంగా రాయాలి. మాలో చాలామంది ఓటీ కోసం క్యూ కడతారు, మేస్త్రీని బతిమాలతారు, ఎందుకంటే అద్దె, స్కూలు ఫీజు, ఊళ్ళో అప్పు బేసిక్‌తో తీరవు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన వాళ్ళయితే గదిలో పడుకోవడం దేనికి, ఇంకో నాలుగు గంటలు చేస్తే ఇంటికి పంపొచ్చు అంటారు. దీన్ని చూపించి కార్మికులే అడుగుతున్నారు కదా అంటారు యాజమాన్యాలు. అడుగుతున్నాం, నిజమే. కానీ రెట్టింపు రేటు పెట్టింది మమ్మల్ని సంతోషపెట్టడానికి మాత్రమే కాదు, యాజమాన్యం చెయ్యి వెనక్కి లాగడానికి కూడా. అదనపు గంట ఖరీదైతే ఇంకో మనిషిని పెట్టుకుంటారు. సింగిల్ రేటుకే దొరుకుతుంటే పది మంది పని ఏడుగురితో చేయిస్తారు, మిగతా ముగ్గురు పొద్దున్నే అడ్డా మీద నిలబడతారు. ఉద్యోగాలు పెరుగుతాయని చెప్పి గంటలు పెంచారు, ఆ లెక్క మాకు ఎటునుంచి చూసినా అర్థం కాలేదు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. స్లిప్పులో మామూలు గంటలు, ఓటీ గంటలు, ఓటీ రేటు విడివిడిగా ఉండాలి. కాంట్రాక్టర్ ఇచ్చే స్లిప్పులో కూడా. ఇన్సెంటివ్ పేరుతో ఓటీ వేస్తే ఉల్లంఘనగా చూడాలి. పంచ్ కొట్టిన ప్రతిసారీ కార్మికుడి ఫోన్‌కి మెసేజ్ రావాలి. బ్యాంకులో వంద రూపాయలు తీస్తే మెసేజ్ వస్తోంది, ఇదేమంత కష్టం కాదు.

2. తనిఖీని మస్టర్‌తో సరిపెట్టకండి. గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్, క్యాంటీన్ టోకెన్లు, కంపెనీ బస్సు ట్రిప్పులు, బ్యాచ్ రికార్డులో ఆపరేటర్ సంతకాల టైము, వీటిని మస్టర్ పక్కన పెట్టండి. మందుల ఫ్యాక్టరీల్లో బ్యాచ్ రికార్డు తప్పు రాయడానికి భయపడతారు, విదేశీ ఆడిటర్లు చూస్తారు కాబట్టి. రెండింటికి ఇంటికెళ్ళిన మనిషి సంతకం నాలుగున్నరకి ఎలా పడిందో ఒక్కసారి అడగండి చాలు.

3. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే అసలు యాజమాన్యమే కట్టాలన్నది 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. ఫిర్యాదు ఇస్తే కాంట్రాక్టర్ దగ్గర తేల్చుకోండి అని మమ్మల్ని పంపించడం ఆపాలి. వేతనాల కోడ్‌లో డబ్బు చెల్లించామని నిరూపించుకునే భారం యాజమాన్యానిదే అని, క్లెయిమ్ వెయ్యడానికి మూడేళ్ళ గడువు ఉందని రాశారు. మీ కింది ఆఫీసుల్లో మాత్రం ఇప్పటికీ ఆధారాలు పట్టుకురండి అని మమ్మల్నే అడుగుతున్నారు. ఆధారం వాళ్ళ సర్వర్‌లో ఉంది, మా దగ్గర ఉండేది అరిగిపోయిన చెప్పులు.

4. కోడ్‌లో 8 గంటలు, రాష్ట్రాలు ఒప్పుకున్నది 10, మా గేటు దగ్గర పాత బోర్డు మీద ఇంకా 9. ఏది నడుస్తుందో, ఏ గంట నుంచి రెట్టింపో రెండు శాఖలూ తెలుగులో, హిందీలో, ఒడియాలో ఒక్క పేజీ సర్క్యులర్ ఇచ్చి ప్రతి గేటుకీ అతికించాలి. సెక్షన్ నంబర్లు కాకుండా పైన మేము వేసినట్టు రూపాయల్లో లెక్క వేసి చూపించాలి.

5. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు యాజమాన్యానికి పోకూడదు. ఇచ్చిన ఫిర్యాదుకి ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి, కుదరదు అనైనా సరే. ఫిర్యాదు పెట్టుకున్నవాడు ఉద్యోగం పణంగా పెట్టి పెట్టుకుంటాడు, ఫైలు నడుస్తోంది అన్న మాట అతనికి జవాబు కాదు.

6. ఇవన్నీ జరిగేవరకు 10 గంటలనీ 144 గంటలనీ పక్కన పెట్టండి. ఇది జరగని పని కాదు. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు అసెంబ్లీ 12 గంటల బిల్లు పాస్ చేసింది, కార్మిక సంఘాలూ మిత్రపక్షాలూ అభ్యంతరం చెబితే కొద్ది రోజుల్లోనే ఆపేసింది, మే డే నాడు ముఖ్యమంత్రి స్టాలిన్ వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించారు. అక్కడి పరిశ్రమలు ఎక్కడికీ పారిపోలేదు.

యాజమాన్యాలతో మీటింగులు హోటళ్ళలో పెడతారు, పేపర్లలో ఫోటోలు చూస్తూనే ఉన్నాం. మాతో మీటింగుకి హాలు అక్కర్లేదు. బి షిఫ్ట్ రాత్రి పదికి వదలాలి. ఏ పారిశ్రామికవాడలో ఏ గేటైనా మీరే ఎంచుకోండి, పదిన్నరకి రండి, లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, అదే మస్టర్‌లో ఎంతమంది ఉన్నారో చూడండి. ఒక్కటే షరతు, వస్తున్నామని ముందుగా కంపెనీకి ఫోన్ చెయ్యకండి.

ఇట్లు,
ఎ, బి, సి షిఫ్టుల కార్మికులం